మైలేజీ సలహాలకి ఎక్స్‌పైరీ డేటు

మన వృత్తిలో అందరికీ ఉండే జబ్బొకటుంది. నెట్‌లో ఏదో పాత డాక్యుమెంటు దొరుకుతుంది. అది ఏ వెర్షనుకి రాశారో చూసుకోకుండా అందులోని కమాండు కాపీ కొట్టి సర్వరు మీద నడిపేస్తాం. తర్వాత రాత్రంతా కూర్చుని దాన్ని బాగు చేసుకుంటాం. ఆ డాక్యుమెంటు రాసినాయన అబద్ధం చెప్పలేదు పాపం. ఆయన రాసిన రోజుకి అది నిజమే. తర్వాత సాఫ్ట్‌వేరు మారిపోయింది, డాక్యుమెంటు మాత్రం అలాగే ఉండిపోయింది.

కారు మైలేజీ గురించి మనవాళ్ళు చెప్పే సలహాలు కూడా సరిగ్గా ఇలాంటివేనని నా అభిప్రాయం. "ఎయిర్ ఫిల్టరు నెలకోసారి దులిపించు, మైలేజీ పెరుగుతుంది." "ఎండాకాలం టైర్లలో గాలి తగ్గించు." "ఘాట్ దిగేటప్పుడు న్యూట్రల్ వెయ్యి." "మన ఎండలకి థర్మోస్టాట్ ఎందుకు, పీకి పారెయ్యి." కొత్తగా కారు కొన్నవాడికి ఇంట్లో పెద్దలు, షెడ్డులో మెకానిక్కులు, ఆఫీసులో సీనియర్లు వీటిని ఉచితంగా పంచిపెడతారు. ఇలాంటి సలహాల్లో కొన్ని ఇప్పటికీ బంగారం లాంటివి. కొన్నిటికి కాలం చెల్లిపోయింది. ఒకటి రెండైతే ప్రాణాల మీదికి తెచ్చేవి. ఏది ఏదో తేల్చుకోవాలంటే ఆ సలహా ఎప్పుడు, ఏ బండిని చూసి పుట్టిందో తెలియాలి. అంటే కొంచెం చరిత్ర తిరగెయ్యాలి. నాకు తెలిసిన నేల కర్నూలు, కడప జిల్లాలు కాబట్టి అక్కడి నుంచే మొదలుపెడతాను.

బొగ్గు బస్సుల కాలం

రెండో ప్రపంచ యుద్ధం రోజుల్లో పెట్రోలుకి రేషను పెట్టారు. 1942లో బర్మా జపాను చేతికి చిక్కాక అక్కడి చమురు మనకి రావడం ఆగిపోయింది. అప్పటికి మన కర్నూలు, కడపలు మద్రాసు రాష్ట్రంలో ఉండేవి. ఆ రాష్ట్రంలో ఊళ్ళ మధ్య తిరిగే బస్సులకి వెనకాల పొడుగాటి డ్రమ్ము లాంటి పొయ్యి ఒకటి బిగించారు. అందులో బొగ్గు రాజేసి, గాలి చాలీచాలకుండా ఆడిస్తే కార్బన్ మోనాక్సైడు, కొంచెం హైడ్రోజను కలిసిన గ్యాసు పుడుతుంది. పెట్రోలు బదులు ఇంజనుకి ఆ గ్యాసు పట్టించేవాళ్ళు. పాతకాలం వాళ్ళు "బొగ్గు బస్సు" అని చెప్పేది దీన్నే.

ఇంజను బలం దాదాపు సగానికి పడిపోయేది. ఎత్తు వస్తే జనం దిగి తొయ్యాల్సిందే. అంతకన్నా మనకి ముఖ్యమైన సంగతి వేరే ఉంది. ఆ గ్యాసులో బూడిద, తారు కలిసి వచ్చేవి. వడబోసే ఫిల్టర్లు ఎప్పటికప్పుడు శుభ్రం చెయ్యకపోతే ఇంజను పూడుకుపోయేది. ఫిల్టరు శుభ్రంగా ఉంటేనే బండి నడుస్తుందన్న మాట ఆ రోజుల్లో అక్షరాలా నిజం. అది మైలేజీ చిట్కా కూడా కాదు, బతుకుతెరువు.

కార్బొరేటరు కాలం

యుద్ధం అయిపోయింది, పెట్రోలు మళ్ళీ దొరికింది. 1950ల చివరి నుంచి అంబాసిడర్లు, వాటితోపాటు ఫియట్లు (తర్వాత వాటికే ప్రీమియర్ పద్మిని అని పేరొచ్చింది) మన రోడ్లనేలాయి. 1983 డిసెంబరులో మారుతి 800 వచ్చింది. వీటన్నిటిలోనూ ఉమ్మడిగా ఉన్నది కార్బొరేటరు.

కార్బొరేటరుకి బుర్ర లేదు. లోపలికి పోయే గాలి ఒక సన్నటి గొంతులోంచి వేగంగా వెళ్తుంటే, అక్కడ పీడనం తగ్గి పెట్రోలు దానంతటదే పీల్చుకోబడుతుంది. ఎంత గాలి వెళ్ళింది, ఎంత పెట్రోలు కలిసింది, పొగలో ఏం మిగిలింది అని వెనక్కి చూసుకునే ఏర్పాటు ఏమీ లేదు. మన భాషలో చెప్పాలంటే ఓపెన్ లూప్. ఎయిర్ ఫిల్టరు దుమ్ముతో పూడుకుపోతే చోక్ లాగినట్టే అవుతుంది. గాలి తగ్గుతుంది, పెట్రోలు పాలు పెరుగుతుంది, పొగ నల్లబడుతుంది, మైలేజీ పడిపోతుంది.

ఇప్పుడు మా దుమ్ము సంగతి గుర్తు తెచ్చుకోండి. బేతంచెర్ల దగ్గర నాపరాళ్ళు కోసి పాలిష్ పట్టే యూనిట్ల తెల్ల పొడి, యర్రగుంట్ల వైపు సిమెంటు ఫ్యాక్టరీలు, ఎండాకాలం ఎర్రమట్టి రోడ్లు... ఇక్కడి ఫిల్టరు కోనసీమ ఫిల్టరు కన్నా ముందే పూడుకుపోవడంలో వింతేముంది? కాబట్టి "ఫిల్టరు దులిపించు" అన్న సలహా ఈ నేల మీద, ఆ బండికి నూటికి నూరుపాళ్ళూ సరైనది. ప్లగ్గుల గ్యాపు, పాయింట్లు, ఐడ్లింగ్ స్క్రూ కూడా అంతే. చెవితో విని స్క్రూడ్రైవరు అర చుట్టు తిప్పి బండిని దారికి తెచ్చే మేస్త్రీలు ప్రతి ఊళ్ళో ఉండేవాళ్ళు. అది నిజమైన విద్య.

ఈ సలహాలు అచ్చు కాగితాల మీదికి ఎక్కడానికి కారణం మాత్రం ఎక్కడో అరబ్బు దేశాల్లో ఉంది. 1973 అక్టోబరు యుద్ధం తర్వాత ముడి చమురు ధర పీపా 3 డాలర్ల చిల్లర నుంచి 1974 జనవరికల్లా 12 డాలర్ల దాకా ఎగబాకింది. ఇక్కడ పెట్రోలు ధర పెంచితే, నిరసనగా వాజ్‌పేయి ఎద్దులబండి మీద పార్లమెంటుకి వెళ్ళారు. ఆ దెబ్బ తర్వాతే ఇంధన పొదుపు ప్రభుత్వానికి ఒక పని అయింది. 1978లో పెట్రోలియం పొదుపు, పరిశోధన కోసం పి.సి.ఆర్.ఏ. అనే సంస్థ ఏర్పడింది. టైర్లలో గాలి చూసుకో, ఇంజను ట్యూనింగు చేయించు, ఫిల్టరు శుభ్రంగా పెట్టుకో, నిదానంగా నడుపు అన్న మాటలు ఊరూరా చేరింది ఆ తరంలోనే. అంటే అవన్నీ కార్బొరేటరు వెర్షనుకి రాసిన డాక్యుమెంట్లన్నమాట!

ఆర్టీసీ లెక్క

సలహాల చరిత్ర ఇదీ. దీనికి సమాంతరంగా మా జిల్లాల్లో ఇంకో చరిత్ర నడిచింది. అది లెక్కల చరిత్ర.

నిజాం రైల్వే కింద 1932లో 27 బస్సులతో మొదలైన రోడ్డు రవాణా శాఖ, 1958 జనవరి 11న ఆంధ్రప్రదేశ్ ఆర్టీసీ అయింది. ప్రైవేటు బస్సు రూట్లని ఒక్కో జిల్లాలో జాతీయం చేసుకుంటూ పోయారు. కర్నూలు దగ్గర పెద్ద గొడవే అయింది. జిల్లా పడమటి భాగం రూట్లని తీసుకునే పథకం రాజకీయ కక్షతో చేసిందని బస్సుల యజమానులు కోర్టుకెళ్ళారు. 1964లో సుప్రీంకోర్టు ఆ పథకాన్ని కొట్టేసింది. తీర్పులో తన మీద పడ్డ వ్యాఖ్యల వల్ల ముఖ్యమంత్రి నీలం సంజీవరెడ్డి రాజీనామా చేశారు. ఒక జిల్లా బస్సు రూట్లు ముఖ్యమంత్రి కుర్చీని కదిలించాయన్నమాట. బస్సు ఎవరిది అన్న తగాదా అందరికీ గుర్తుంది. తర్వాత డిపోలు వచ్చాక, వాటి గోడల లోపల బస్సుని ఎలా చూసుకున్నారన్న సంగతి ఎవరూ పెద్దగా రాయలేదు.

మా పెద్దనాయన కడప జిల్లాలో ఆర్టీసీ గ్యారేజీలో మెకానిక్కుగా చేసి రిటైరయినాడు. ఆయన నోట "మైలేజీ" అన్న మాట రాదు, "కె.ఎం.పి.ఎల్." అంటాడు. లీటరుకి ఎన్ని కిలోమీటర్లు అని. బస్సు డ్యూటీ దిగి డిపోకి రాగానే బంకులో డీజిల్ నింపుతారు. ఎన్ని లీటర్లు పట్టింది, ఎన్ని కిలోమీటర్లు తిరిగింది, ఎవరు నడిపారు అని రాసుకుంటారు. రోజూ. ప్రతి బస్సుకీ, ప్రతి డ్రైవరుకీ.

ఇందులో ఎంత చక్కటి డీబగ్గింగు ఉందో చూడండి. ఒక బస్సుకి ఏ డ్రైవరు ఎక్కినా కె.ఎం.పి.ఎల్. తక్కువే వస్తోందంటే లోపం బస్సులో ఉంది. ఒక డ్రైవరు ఏ బస్సు ఎక్కినా తక్కువే వస్తోందంటే అతని కాలిలో ఉంది. బస్సుని గ్యారేజీలోకి లాగుతారు. జాకీ ఎత్తి చక్రం చేత్తో తిప్పి బ్రేకు పట్టుకుంటోందేమో చూస్తారు. టైర్లలో గాలి, డీజిల్ కారడం, నాజిళ్ళు, పంపు, ఫిల్టరు వరసగా చూస్తారు. డ్రైవరునైతే ఇన్‌స్ట్రక్టరు పక్కన కూర్చోబెట్టి నేర్పిస్తారు. రోజువారీ, వారంవారీ, కిలోమీటర్లను బట్టి చేసే సర్వీసింగులు వీటికి అదనం.

దీనివల్ల ఎంత మిగులుతుంది? చిన్న లెక్క వేద్దాం. ఉమ్మడి రాష్ట్రంలో ఆర్టీసీ మంచి ఊపు మీద ఉన్నప్పుడు బస్సులన్నీ కలిపి రోజుకి 70 లక్షల కిలోమీటర్ల పైనే తిరిగేవి. 70 లక్షలే అనుకుందాం. లీటరుకి 5 కిలోమీటర్లు వస్తే 14 లక్షల లీటర్లు కావాలి. 5.1 వస్తే 13 లక్షల 72 వేల చిల్లర చాలు. దశాంశం తర్వాత ఒక్క అంకె పెరిగితే రోజుకి 27 వేల లీటర్లు మిగిలినట్టు! 1999లో ప్రపంచంలోనే అతి పెద్ద బస్సుల సంస్థగా గిన్నిస్ బుక్కులోకి ఎక్కిన సంస్థ ఇది. ఇంధన పొదుపులో కూడా దేశంలోని పెద్ద ఆర్టీసీల్లో ముందు వరసలో నిలబడి అవార్డులు తెచ్చుకుందంటే, దాని వెనక గ్రీజు చేతులతో రాసిన ఈ రోజువారీ అంకెలున్నాయి.

"మీ కార్లోళ్ళని లీటరుకి ఎంతొస్తాందిరా అంటే అందరూ పద్దెనిమిదంటారు. యాడ లెక్కేసినారో మాత్రం ఒగునికీ తెలీదు," అంటాడు మా పెద్దనాయన. నిజమే కదా! రోజంతా డాష్‌బోర్డులు, గ్రాఫులు, మానిటరింగు అంటూ బతికే మనలో ఎంతమంది సొంత కారుకి గత ఆరు నెలల లెక్క చూపించగలరు?

2000 తర్వాత ఏం మారింది

2000 ఏప్రిల్ నుంచి దేశమంతా కొత్త కార్లకి ఇండియా 2000 కాలుష్య ప్రమాణాలు వచ్చాయి. సీసం కలిపిన పెట్రోలు ఆ ఏడాది ఫిబ్రవరికే పోయింది. తర్వాతి కొన్నేళ్ళలో కొత్త పెట్రోలు కార్లలో కార్బొరేటరు కనుమరుగై ఎం.పి.ఎఫ్.ఐ. వచ్చేసింది. దాంతోపాటు ఒక చిన్న కంప్యూటరు, పొగ గొట్టంలో ఒక ఆక్సిజన్ సెన్సరు వచ్చాయి. పొగలో ఆక్సిజన్ ఎంత మిగిలిందో చూసి పెట్రోలు ఎంత చిమ్మాలో కంప్యూటరు క్షణక్షణం సరిచేస్తుంది. ఓపెన్ లూప్ కాస్తా క్లోజ్డ్ లూప్ అయింది.

ఈ ఒక్క మార్పుతో పాత డాక్యుమెంటులోని సగం పేజీలు చెల్లకుండా పోయాయి.

మొదటిది ఎయిర్ ఫిల్టరు. అమెరికాలో ఓక్‌రిడ్జ్ నేషనల్ లేబొరేటరీ వాళ్ళు 2009లో ఫిల్టర్లు కావాలని పూడ్చేసి కార్లని పరీక్షించారు. ఇంజెక్షను ఉన్న కార్లలో మైలేజీ చెప్పుకోదగ్గంత మారలేదు, పికప్పు మాత్రం తగ్గింది. కార్బొరేటరు బళ్ళలోనైతే ఫిల్టరు మార్చితే 2 నుంచి 6 శాతం దాకా లాభం ఉండేదని వాళ్ళే చెప్పారు. గాలి తగ్గితే కంప్యూటరు పెట్రోలునీ తగ్గిస్తుంది, అంతే. అలాగని ఫిల్టరుని వదిలెయ్యమని కాదు. మా దుమ్ము లోపలికి పోతే రింగులు అరిగి ఇంజనే పోతుంది. వేళకి కొత్తది వెయ్యాలి. మైలేజీ మీద ఆశతో ఊరికూరికే పీకి గాలి కొట్టించి కాగితం చిరిగేలా చేసుకుంటే మాత్రం లాభం లేకపోగా నష్టం.

రెండోది థర్మోస్టాట్. ఇంజను తన వేడికి వచ్చేదాకా నీళ్ళు రేడియేటరుకి పోకుండా ఆపే చిన్న కవాటం ఇది. సుమారు 82 నుంచి 90 డిగ్రీల దగ్గర తెరుచుకుంటుంది. పాత బళ్ళు ఎండలకి మరిగిపోతుంటే మేస్త్రీలు దీన్ని పీకేసేవాళ్ళు. ఇప్పుడు పీకితే ఇంజను వేడెక్కడానికి చాలాసేపు పడుతుంది. ఇంజను ఇంకా చల్లగానే ఉందని సెన్సరు చెప్తుంటుంది, కంప్యూటరు పెట్రోలు ఎక్కువ చిమ్ముతూనే ఉంటుంది. నంద్యాలలో బయట 44 డిగ్రీలున్నా ఇంజను లెక్కలో అది చలికాలమే మరి!

మూడోది న్యూట్రల్. బెంగళూరు నుంచి మదనపల్లె, రాయచోటి మీదుగా కడప వచ్చేవాళ్ళకి గువ్వలచెరువు ఘాట్ తెలుసు. కార్బొరేటరు బండి గేరులో దిగుతున్నా ఐడ్లింగ్ దారిలోంచి కొంత పెట్రోలు పీల్చేది, అందుకని న్యూట్రల్లో మిగులుతుందని నమ్మేవాళ్ళు. ఇంజెక్షను బండి గేరులో ఉండి, యాక్సిలరేటరు మీంచి కాలు తీస్తే పెట్రోలు పూర్తిగా ఆపేస్తుంది. న్యూట్రల్ వేస్తే ఇంజను ఆగిపోకుండా ఉండటానికి కొంత తాగుతూనే ఉంటుంది. అంటే ఈ చిట్కా వల్ల ఖర్చు పెరుగుతుంది. దానికి తోడు ఇంజను పట్టు ఉండదు, భారమంతా బ్రేకుల మీదే పడి అవి వేడెక్కి పట్టు వదిలేస్తాయి. ఆ మలుపుల్లో దాని అర్థమేంటో వేరే చెప్పక్కర్లేదు.

నాలుగోది అన్నిటికన్నా ప్రమాదం. ఎండాకాలం టైరు పేలుతుందని గాలి తగ్గించడం. ఇది ఏ కాలంలోనూ నిజం కాదు. ఉష్ణోగ్రత 10 డిగ్రీలు పెరిగితే కారు టైరులో పీడనం సుమారు ఒకటిన్నర పి.ఎస్.ఐ. పెరుగుతుంది. ఆ మాత్రం పెరుగుదలని టైరు తయారుచేసేవాళ్ళు ముందే లెక్కలో వేసుకుంటారు. గాలి తక్కువైతే టైరు పక్కగోడ ప్రతి చుట్టుకీ ఎక్కువగా వంగుతుంది. ఆ వంగుడుకే వేడి పుడుతుంది, ఆ వేడికే టైరు పేలుతుంది. మే నెల మధ్యాహ్నం కర్నూలు దగ్గర హైవే మీద వంద దాటి పోయే కారుకి, గాలి తగ్గించమన్న సలహా కన్నా చెడ్డ సలహా ఇంకోటుండదు.

ఏవి చెల్లుతాయి?

చెల్లేవాటికి ఒక పోలిక ఉంది. కంప్యూటరు సరిచెయ్యలేనివన్నీ ఇప్పటికీ చెల్లుతాయి. టైరులో గాలి తక్కువైతే ఏ సెన్సరూ ఆ బరువుని మోయలేదు. నాలుగు టైర్లలో ఒక్కో పి.ఎస్.ఐ. తగ్గితే సుమారు 0.2 శాతం ఇంధనం పోతుందని అమెరికా ఇంధన శాఖ లెక్క. చిన్నదే గానీ మన కార్లలో ఆరేడు తక్కువుండటం మామూలే. పొద్దున్నే, బండి కదలకముందు, డోరు పక్కన స్టిక్కరు మీద రాసినంత గాలి కొట్టించాలి. పట్టుకుపోయిన బ్రేకు, తప్పిన వీల్ అలైన్‌మెంటు, కంపెనీ చెప్పిన గ్రేడు కాని ఆయిలు, డిక్కీలో ఏడాదిగా మోస్తున్న సామాను కూడా ఈ కోవలోవే. మా పెద్దనాయన జాకీ ఎత్తి చక్రం తిప్పి చూసిన పరీక్ష ఇవాళ్టి కారుకీ పనికొస్తుంది.

ఇదంతా మనలాంటి వాళ్ళకి ఏడాదికి రెండు మూడు వేల రూపాయల సంగతే కావచ్చు. టాక్సీ నడిపేవాడి లెక్క వేరు. ఏడాదికి 60 వేల కిలోమీటర్లు తిరిగి, లీటరుకి 20 వచ్చే బండికి 3 వేల లీటర్లు కావాలి. అందులో 5 శాతం అంటే 150 లీటర్లు. ఒక పిల్లాడి స్కూలు ఫీజులో మంచి భాగం. పైగా పాత సలహాలు ఎక్కువగా నమ్మేదీ, వాటికి మూల్యం కట్టేదీ వాళ్ళే. మనం ఇంగ్లీషులో మాన్యువల్ చదువుకోగలం. అది చదవలేనివాడికి షెడ్డులో విన్న మాటే మాన్యువల్.

ఇప్పుడు బంకులో పోసే పెట్రోలు కూడా మారింది. 2023లో మొదలైన 20 శాతం ఇథనాల్ పెట్రోలు 2025కల్లా దేశమంతా వచ్చేసింది. ఇథనాల్‌లో శక్తి పెట్రోలు కన్నా మూడో వంతు తక్కువ. దానికోసం తయారుచేయని పాత కార్లలో మైలేజీ 6, 7 శాతం దాకా తగ్గొచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే అంచనా వేసింది. దీనిమీద రెండు వైపులా బోలెడు వాదనలు. నా బండికి నిజంగా ఎంత తగ్గింది అని తేల్చుకోవాలంటే 2022 నాటి నా లెక్క నా దగ్గర ఉండాలి. లెక్క లేనివాడికి వాదనే మిగులుతుంది.

నేను చెప్పదల్చుకున్నది ఇంతే. బొగ్గు పోయింది, కార్బొరేటరు పోయింది, మామూలు పెట్రోలూ పోతోంది, రేపు బ్యాటరీ వస్తోంది. ప్రతిసారీ చిట్కాలు మారతాయి. ఆర్టీసీ డిపోలో రాసుకునే ఆ లెక్క పద్ధతి మాత్రం మారదు, లీటర్ల బదులు యూనిట్లు రాసుకుంటాం, అంతే. ట్యాంకు ఆటో కట్టాఫ్ దాకా నింపండి, కిలోమీటర్లు రాసుకోండి. మళ్ళీ నింపినప్పుడు పట్టిన లీటర్లతో తిరిగిన కిలోమీటర్లని భాగించండి. ఐదారుసార్లు చేస్తే మీ బండి మామూలు అంకె ఏదో తెలుస్తుంది. ఎప్పుడైనా అది ఒక్కసారిగా పడిపోతే బండి ఏదో చెబుతోందని అర్థం. ఎవరైనా కొత్త చిట్కా చెప్తే కాదనకండి. పాటించి, అంకె కదిలిందో లేదో చూడండి. పెద్దల మాట కొట్టెయ్యక్కర్లేదు, ఏ బండికి చెప్పారో కనుక్కుంటే చాలు.